ఎంఎస్‌కు బ్యాంకు లోను తీసుకుని, క్యాంపస్ జాబ్‌తో నెట్టుకురావడం ఎలా?

హనుమకొండ, కరీంనగర్, మంచిర్యాల వైపు ఏ ఇంట్లో అమెరికా అడ్మిషన్ వచ్చినా లెక్క ఒకటే వేస్తున్నారు. ఫీజుకు లోను, తిండికీ కిరాయికీ "వాడే పార్ట్‌టైమ్ చేసుకుంటడు", మిత్తి సంగతి ఉద్యోగం వచ్చినంక చూసుకుందాం. ఈ మూడింట్లో మొదటిదొక్కటే లెక్క, మిగతా రెండూ ఆశలు. లోన్ల కోసం ఎన్నో కుటుంబాల పక్కన కూర్చుని కాగితాలు రాయించినవాణ్ని కాబట్టి చెబుతున్నాను: పద్ధతిగా పోతే ఈ అప్పు మోయగలిగేదే. పద్ధతి తప్పితే తీర్చడానికి పొలం అమ్మాల్సి వస్తుంది.

అప్పు జోలికి పోకముందు రెండు విషయాలు చూడండి. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం విదేశీ విద్యానిధి కింద 20 లక్షల దాకా ఇస్తుంది. ఆదాయ పరిమితి ఉంటుంది, డబ్బు విడతలుగా వస్తుంది, అయినా దరఖాస్తు పెట్టకుండా బ్యాంకు మెట్లెక్కకండి. రెండోది, గేట్ (ఎంటెక్ ప్రవేశ పరీక్ష) స్కోరు ఉన్నవాళ్లకు ఇంటి పక్కనే ఎన్‌ఐటీ వరంగల్ ఉంది. అక్కడ గేట్‌తో ఎంటెక్‌లో చేరినవాళ్లకు నెలకు 12,400 స్టైపెండ్ వస్తుంది. అమెరికానే పోవాలనుకుంటే మంచిదే, కానీ ఈ దారి ఉందని తెలిసి పోవాలి.

కాగితాలు

పాన్, ఆధార్, మార్కుల మెమోలు, అడ్మిషన్ లెటర్, ఐ-20 (వీసా కోసం అమెరికా కాలేజీ ఇచ్చే పత్రం), తండ్రి లేదా తల్లి ఆదాయపు పత్రాలు. ఇవి ఎవరైనా తేగలరు. ప్రభుత్వ బ్యాంకులు సాధారణంగా ఏడున్నర లక్షలు దాటితే తాకట్టుకు ఆస్తి అడుగుతాయి. మన దగ్గర చిక్కు వచ్చేది అక్కడే. పొలం పాసుబుక్కు పట్టుకుపోతే ఈ లోనుకు దాదాపుగా పనికిరాదు. సాదా బైనామా (రిజిస్ట్రేషన్ లేని తెల్లకాగితం ఒప్పందం) మీద కొన్న జాగా అసలే పనికిరాదు. కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) లాంటి సంస్థ అనుమతి ఉన్న లేఔట్‌లో ప్లాటో, మున్సిపాలిటీ పర్మిషన్ ఉన్న ఇల్లో ఉండాలి. రిజిస్టర్ అయిన సేల్ డీడు, లింకు డాక్యుమెంట్లు (అంతకు ముందరి యజమానుల డీడులు), ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు చూపే పత్రం), ఇంటి పన్ను రసీదు తీసుకెళ్లాలి. డాక్యుమెంట్లకు లామినేషన్ చేయించవద్దు. తండ్రి పేరుకు ఆధార్‌లో ఒక అక్షరం, డీడులో ఇంకో అక్షరం ఉంటే ముందే సరిచేయించుకోండి.

బ్యాంకుకు తల్లిదండ్రులే పోవాలి. ఏజెంటును పంపకూడదు. సంతకం మీది, అప్పు మీది, మేనేజర్ ముందు కూర్చోవాల్సిందీ మీరే.

ఎంత అడగాలి, ఎంత తీసుకోవాలి

మంజూరు ఎక్కువగా చేయించుకోండి, తీసుకునేది తక్కువగా తీసుకోండి. మిత్తి పడేది తీసుకున్న డబ్బు మీదే, మంజూరైన దాని మీద కాదు. డాలర్ పెరిగితే మళ్లీ బ్యాంకు చుట్టూ తిరగకుండా మంజూరులో కాస్త జాగా ఉండాలి. ఫీజు సెమిస్టర్‌కు ఒకసారే కట్టాలి కాబట్టి డబ్బు కూడా సెమిస్టర్‌కు ఒకసారే తీయాలి. "ఎట్లయినా తీసేదే కదా" అని మొత్తం ఒకేసారి తీసి ఖాతాలో పెట్టుకునేవాళ్లున్నారు. 30 లక్షలు 10 శాతం మీద మొదటి రోజే తీస్తే, రెండేళ్ల చదువు, ఆపై ఒక ఏడాది గడువు కలిపి మిత్తి 9 లక్షలవుతుంది. అదే నాలుగు సెమిస్టర్లకు ఏడున్నర లక్షల చొప్పున తీస్తే 6 లక్షల 75 వేలు. తేడా రెండుంబావు లక్షలు.

మారటోరియంలో మిత్తి

తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి, నిదానంగా చదవండి.

చదువు నడిచినన్ని రోజులు, ఆ తర్వాత చాలా బ్యాంకుల్లో మరో ఏడాది, ఈఎంఐ కట్టనక్కరలేదు. దాన్ని మారటోరియం అంటారు. జనం దీన్ని మిత్తి లేని కాలం అనుకుంటారు. కాదు. మిత్తి ఏ రోజుకారోజు లెక్కలో పడుతూనే ఉంటుంది. ప్రభుత్వ బ్యాంకుల్లో ఆ కాలానికి సాధారణ వడ్డీయే వేస్తారు, మిత్తి మీద మిత్తి పడదు. కానీ గడువు ముగిసిన రోజున అప్పటిదాకా పేరుకున్నదంతా అసలులో కలుస్తుంది. ఆ తర్వాత ఆ మొత్తం మీద మిత్తి నడుస్తుంది.

పైన చెప్పిన నాలుగు విడతల లోనే తీసుకుందాం. ఒక్క రూపాయి కట్టకుండా వదిలేస్తే గడువు ముగిసేసరికి అసలు 36 లక్షల 75 వేలు. పదేళ్లలో తీర్చాలంటే ఈఎంఐ దాదాపు 48,565. మిత్తి ఎప్పటికప్పుడు కట్టుకుంటూ వచ్చి ఉంటే అసలు 30 లక్షల దగ్గరే ఆగుతుంది, ఈఎంఐ దాదాపు 39,645. నెలకు 8,920 తేడా, పదేళ్లకు 10 లక్షల 70 వేలు. ముందు కట్టాల్సిన ఆరుముప్పావు లక్షలను తప్పించుకుని, తర్వాత పదిన్నర లక్షలకు పైగా కడుతున్నామన్నమాట.

కట్టగలమా అంటే, మొదటి ఆరు నెలలు నెలకు 6,250. రెండో సెమిస్టర్‌లో 12,500. మూడోదాంట్లో 18,750. నాలుగో విడత తీసినప్పటి నుంచి గడువు అయ్యేదాకా 25,000. మొదట్లో తేలికే, చివర్లో బరువే. అందుకే మొదటి ఏడాది కొంచెం ఎక్కువ పక్కన పెట్టాలి. మొత్తం మిత్తి కట్టలేకపోతే సగమైనా కట్టండి, కట్టినంత మేరకు అసలు పెరగదు.

దీనికి తండ్రి పేరున విడిగా ఒక ఖాతా ఉండాలి. ఇంటి ఖర్చుల ఖాతాలోంచి కడతామంటే నాలుగో నెలకే ఆగిపోతుంది. జీతగాళ్లయితే జీతం పడిన మర్నాడే అందులోకి పోయేట్టు పెట్టుకోండి. వ్యవసాయం మీద బతికేవాళ్లకు నెలనెలా అంటే కుదరదు. వానాకాలం పత్తి పైసలు, యాసంగి వడ్ల పైసలు చేతికి రాగానే వచ్చే ఆరు నెలల మిత్తి ఆ ఖాతాలో వేసేయండి. కట్టిన డబ్బు మిత్తి కింద జమైందో లేదో లోను స్టేట్‌మెంటులో చూసుకోండి. మారటోరియంలో క్రమంగా మిత్తి కట్టేవాళ్లకు రేటులో ఒక శాతం దాకా రాయితీ ఇచ్చే వీలు బ్యాంకులకు ఉంది. మంజూరు పత్రంలో అది ఉందేమో వెతికి, లేకపోతే మేనేజర్‌ను అడగండి.

కొందరు బ్యాంకు తిప్పలు ఎందుకని ఊళ్లో రెండు రూపాయల మిత్తికి తెస్తారు. అంటే ఏడాదికి 24 శాతం. మారటోరియం ఉండదు, మొదటి నెల నుంచే కట్టాలి. పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కట్టేవాళ్లకు విద్యా రుణం మిత్తి మీద ఎనిమిదేళ్ల దాకా దొరికే పన్ను మినహాయింపు ఊళ్లో తెచ్చిన అప్పుకు రాదు. ఈ అప్పు ఎవరు ఇస్తానన్నా వద్దనండి, మేనమామ ఇచ్చినా సరే.

క్యాంపస్ జాబ్

ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద చదువు నడిచే రోజుల్లో క్యాంపస్‌లోనే, వారానికి 20 గంటలకు మించకుండా పని చేయొచ్చు. సెలవుల్లో పూర్తి సమయం చేసుకోవచ్చు. గంటకు 12 డాలర్లనుకుంటే వారానికి 240, నెలకు వెయ్యి డాలర్లకు అటూ ఇటూ. తిండికి, కిరాయిలో వాటాకు ఆసరా అవుతుంది. ఫీజుకు సరిపోదు. ఇక్కడి మిత్తికి పంపమని పిల్లల్ని అడగడం అన్యాయం.

మొదటి సెమిస్టర్ ఆదాయం సున్నా అని రాసుకోండి. పని దొరకాలి, జీతం లెక్కకు కావాల్సిన సోషల్ సెక్యూరిటీ నంబర్ రావాలి, అప్పటికి పరీక్షలు వస్తాయి. ఆ ఆరు నెలల బతుకుదెరువు డబ్బు లోనులోంచే పోవాలి. డైనింగ్ హాల్, లైబ్రరీ పనులకు దిగగానే అడగాలి. టీచింగ్, రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ దొరికితే ఫీజులో కూడా తగ్గింపు రావచ్చు కాబట్టి, విమానం ఎక్కకముందే డిపార్ట్‌మెంటుకు రాసి పెట్టాలి. ఎఫ్-1 మీద మొదటి ఐదేళ్లు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు (అక్కడి పెన్షన్, వృద్ధుల వైద్యం కోసం జీతంలో కోసేవి) సాధారణంగా కోయరు. పే స్లిప్‌లో కోత కనబడితే పేరోల్ ఆఫీసును అడగాలి.

గ్యాస్ స్టేషన్లో, రెస్టారెంట్లో చేతికి డబ్బిచ్చే పని మాత్రం ఒక్క గంట కూడా చేయకూడదు. అనుమతి లేని పని బయటపడితే స్టేటస్ (విద్యార్థిగా అక్కడ ఉండే హక్కు) పోతుంది. చదువు మధ్యలో ఆగుతుంది, లోను మాత్రం ఆగదు. ఇంటి నుంచి ఫోన్‌లో "అందరూ చేస్తున్నరట కదా" అనే తల్లిదండ్రులకు చెబుతున్నాను, ఆ మాట అనకండి. ఖర్చుకు చాలకపోతే మంజూరులో మిగిలిన డబ్బు తీయించి పంపండి.

ఉద్యోగం వచ్చాక

మొదటి ఏడాది జీతంలో కారు కొనకుండా అసలులో కట్టాలి. ఫ్లోటింగ్ రేటు (మధ్యలో మారే వడ్డీ రేటు) లోను అయితే ముందుగా కట్టినందుకు జరిమానా ఉండదు. అలా పెద్ద మొత్తం కట్టినప్పుడు ఈఎంఐ తగ్గించాలా, గడువు తగ్గించాలా అని బ్యాంకు అడుగుతుంది. గడువు తగ్గించమని రాసివ్వండి.