పిల్లల ఊహ నుంచి ప్రయోగం దాకా: ఉన్నత పాఠశాల సైన్సు పాఠాన్ని సిద్ధం చేసుకునే తీరు

మెగ్నీషియం రిబ్బను ముక్కను మంటలో పెట్టి కాల్చి చూపిస్తే తరగతి మొత్తం ఊపిరి బిగబట్టి చూస్తుంది. ఉద్యోగంలో చేరిన తొలి ఏడాది నేను ఆ ప్రయోగం చేసినప్పుడు విద్యార్థులు చప్పట్లు కొట్టారు, పాఠం బాగా సాగిందని నేనూ నమ్మాను. మర్నాడు అదే తరగతిలో, కాలిన తర్వాత మిగిలిన తెల్లని పొడి మొదటి రిబ్బను కన్నా బరువుగా ఉంటుందా, తేలికగా ఉంటుందా అని అడిగితే దాదాపు అందరూ తేలికగా ఉంటుందనే చెప్పారు. కాలిపోయింది కాబట్టి తగ్గి ఉంటుందన్నది వారి తర్కం. 24 గ్రాముల మెగ్నీషియం పూర్తిగా మండితే 16 గ్రాముల ఆక్సిజన్‌ను కలుపుకొని 40 గ్రాముల మెగ్నీషియం ఆక్సైడ్‌గా మారుతుంది. అంటే పిల్లలకు ఆ వెలుగు గుర్తుంది గానీ, ఆ వెలుగులో జరిగిన చర్య వారి ఆలోచనను తాకనే లేదు. ఆ ప్రశ్ననే రిబ్బను వెలిగించడానికి ముందు అడిగి, ప్రతి ఒక్కరి చేతా సమాధానం రాయించి ఉంటే, వారు చూసింది వేడుక కాక తమ ఊహకు జరుగుతున్న పరీక్ష అయ్యేది.

ఆసక్తి కలిగించే పాఠం అనగానే కొత్త పరికరాలు, రంగులు, పొగలు, వీడియోలు వెతకడం మనకు అలవాటు. నా అనుభవంలో విద్యార్థిని పాఠంలోకి లాగేది అతడు ముందుగా ఒక పక్షం వహించడం. తాను ఏమనుకుంటున్నాడో కాగితం మీద పెట్టిన పిల్లవాడు ఫలితం కోసం ఎదురుచూస్తాడు. అందువల్ల పాఠ్య ప్రణాళికను పాఠ్యపుస్తకంలోని మొదటి పేరా నుంచి కాకుండా, ఆ విషయం గురించి పిల్లలు ఇప్పటికే ఏమనుకుంటున్నారన్న చోటు నుంచి మొదలుపెట్టాలి.

ప్రణాళిక రాయడానికి కూర్చున్నప్పుడు మొదట ఒకే ఒక వాక్యం రాసుకోండి: ఈ పీరియడ్ ముగిసేసరికి విద్యార్థి సొంత మాటల్లో దేనిని వివరించగలగాలి? ‘ఉష్ణ ప్రసారం గురించి తెలుసుకుంటారు’ అన్న వాక్యం ఇందుకు పనికిరాదు, అది ఏ పాఠానికైనా అతుకుతుంది. ‘ఒకే గదిలో ఉన్న లోహమూ చెక్కా ఒకే ఉష్ణోగ్రతలో ఉన్నా తాకితే వేరువేరుగా ఎందుకు అనిపిస్తాయో వివరిస్తారు’ అని రాసుకుంటే ఏ ప్రయోగం కావాలో, ఏది అనవసరమో ఆ వాక్యమే చెబుతుంది.

దాని కింద, ఆ విషయంలో పిల్లలకు సాధారణంగా ఉండే తప్పు భావనలను రాయండి. ఇవి చాలావరకు ముందే తెలిసినవే. బరువైన వస్తువు తేలికైన దానికన్నా వేగంగా పడుతుందని, బల్బు గుండా వెళ్ళేటప్పుడు విద్యుత్ ప్రవాహం కొంత ఖర్చయిపోతుందని, చెట్టు తన బరువును నేల నుంచి తీసుకుంటుందని, భూమి సూర్యుడికి దగ్గరైనప్పుడు వేసవి వస్తుందని ఏ తరగతిలోనైనా కొందరు గట్టిగా నమ్ముతారు. ఈ చివరి దానికి చక్కని ఎదురు ప్రశ్న ఉంది. భూమి సూర్యుడికి అతి దగ్గరగా, అంటే సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉండేది జనవరి మొదట్లో. అతి దూరంగా, సుమారు 15.2 కోట్ల కిలోమీటర్లలో ఉండేది జులై మొదట్లో. మరి ఉత్తరార్ధగోళంలో జనవరిలో చలికాలం ఎందుకుంటుంది? ఈ రెండు అంకెలనూ నల్లబల్ల మీద రాసి రెండు నిమిషాలు మౌనంగా ఉంటే భూమి అక్షం వాలు గురించి వినడానికి తరగతి తనంతట తానే సిద్ధమవుతుంది. మీ తరగతిలో ఏ భావన బలంగా ఉందో తెలియకపోతే, పాఠానికి ముందు రోజు చివరి అయిదు నిమిషాల్లో ఒక్క ప్రశ్న ఇచ్చి చీటీల మీద జవాబు రాయించుకోండి. మార్కులు వేయబోమని ముందే చెప్పాలి, లేకపోతే పిల్లలు తమకు తోచింది కాక మనకు నచ్చుతుందనుకున్నది రాస్తారు.

ఒక పాఠాన్ని పూర్తిగా అల్లి చూద్దాం

పైన చెప్పిన ఉష్ణ వాహకత పాఠాన్నే 45 నిమిషాల పీరియడ్‌కు అమర్చుకుందాం. కావలసినవి ఒకే పరిమాణంలో ఉన్న అల్యూమినియం దిమ్మె, చెక్క దిమ్మె, ఒకే అచ్చులో తయారైన మంచు ముక్కలు, రెండు థర్మామీటర్లు. దిమ్మెలను కొన్ని గంటల ముందే తరగతి గదిలో ఉంచాలి, లేకపోతే అవి ఒకే ఉష్ణోగ్రతకు రావు. వీలైతే ఇలాంటిదే మరో జతను ఎవరూ ముట్టుకోకుండా పక్కన పెట్టుకోవాలి, దాని అవసరం చివర్లో వస్తుంది.

ముందుగా అందరూ రెండు దిమ్మెలనూ తాకి ఏది చల్లగా ఉందో రాస్తారు. సహజంగానే లోహం అంటారు. రెండింటి మీదా మంచు ముక్కలు పెడితే ఏది ముందు కరుగుతుందో, ఎందుకో పుస్తకంలో రాయమనండి. ‘లోహం చల్లగా ఉంది కాబట్టి దాని మీద మంచు ఎక్కువసేపు నిలుస్తుంది’ అన్నదే ఎక్కువ మంది జవాబుగా ఉంటుంది. కారణం రాయడం ఇక్కడ కీలకం, ఎందుకంటే కారణం లేని ఊహ తప్పినప్పుడు పిల్లవాడు దాన్ని చెరిపేసి ముందుకు వెళ్ళిపోతాడు. కారణం రాసినవాడు మాత్రం అది ఎక్కడ తప్పిందో వెతుకుతాడు. జవాబులు రాయడం పూర్తయ్యాకే చేతులెత్తమనాలి, ముందే అడిగితే తరగతిలో బాగా చదువుతాడని పేరున్న పిల్లవాడి చెయ్యి ఎటు లేస్తే అందరి చేతులూ అటే లేస్తాయి.

ఇప్పుడు మంచు ముక్కలు పెట్టండి. లోహం మీది ముక్క కళ్ళెదుటే కరగడం మొదలవుతుంది, చెక్క మీదిది దాదాపు అలాగే ఉంటుంది. ఈ క్షణంలో ఉపాధ్యాయుడు చేయగల అతి పెద్ద పొరపాటు వెంటనే వివరణ ఇచ్చేయడం. నలుగురేసి విద్యార్థుల బృందాలకు ఏడెనిమిది నిమిషాలు ఇచ్చి, చూసిన దానికి సరిపోయే వివరణను వారినే కట్టమనండి. చర్చ ‘లోహంలో చల్లదనం ఉంది’ అన్న చోట చిక్కుకుపోయినప్పుడు, ముట్టుకోకుండా దాచిన జతకు థర్మామీటర్లు అమర్చి చూపండి. రెండూ ఒకే అంకె చూపిస్తాయి. ఉష్ణోగ్రతను పాఠం మొదట్లోనే కొలిచి చూపితే పిల్లలు జాగ్రత్తపడి ఊహించడం మానేస్తారు కాబట్టి, ఈ కొలతను ఆఖరికి దాచడమే మేలని నా అభిప్రాయం.

అప్పుడు వివరణ దాదాపు వారి నోటనే వస్తుంది. అల్యూమినియం చెక్క కన్నా వెయ్యి రెట్లకు పైగా వేగంగా వేడిని మోసుకుపోతుంది. మన చెయ్యి గది కన్నా వెచ్చగా ఉంటుంది కాబట్టి లోహం చేతి నుంచి వేడిని త్వరగా లాక్కుంటుంది, అదే మనకు చల్లదనంగా తోస్తుంది. మంచు గది కన్నా చల్లగా ఉంటుంది కాబట్టి అదే లోహం మంచుకు వేడిని త్వరగా అందిస్తుంది. గుణం ఒక్కటే, వేడి ప్రవహించే దిశ మాత్రం వేరు. ఒక జాగ్రత్త అవసరం: గది ఉష్ణోగ్రత చర్మపు ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉండే మండుటెండల రోజుల్లో లోహం చల్లగా అనిపించదు, కాబట్టి ఈ పాఠాన్ని అలాంటి రోజున పెట్టుకోకూడదు.

చివరి అయిదు నిమిషాలకు కొత్త సందర్భంలో ఒక ప్రశ్న ఉండాలి. ఒక మంచు ముక్కను ఉన్ని దుప్పటిలో చుట్టి, మరొకదాన్ని బయటే వదిలేస్తే ఏది ముందు కరుగుతుంది? దుప్పటి వెచ్చదనం ఇస్తుందని నమ్మేవారు చుట్టినదే అంటారు. పాఠం అర్థమైనవారు దుప్పటి వేడిని లోపలికి కూడా త్వరగా రానివ్వదని గ్రహిస్తారు. ఈ చీటీలను ఆ సాయంత్రమే చదవాలి, మరుసటి పాఠం ఎక్కడ మొదలవ్వాలో అవే నిర్ణయిస్తాయి.

ఊహించడం, గమనించడం, వివరించడం అనే ఈ వరుసను రిచర్డ్ వైట్, రిచర్డ్ గన్‌స్టన్ అనే విద్యా పరిశోధకులు విస్తారంగా వివరించారు. ప్రతి పాఠానికీ దీన్ని బలవంతంగా రుద్దనవసరం లేదు. ఫలితం పిల్లల అంచనాకు విరుద్ధంగా వచ్చే చోటనే దీనికి బలం ఉంటుంది.

విద్యార్థులే ప్రయోగం రూపొందించే పాఠాలు

లోలకం ఇందుకు మంచి విషయం. లోలకం ఒక డోలనానికి పట్టే కాలం దేని మీద ఆధారపడుతుందని అడిగితే గుండు బరువు, దారం పొడవు, ఎంత దూరం లాగి వదిలామన్నది అనే మూడు జవాబులూ వస్తాయి. ఒక్కో బృందం ఒక్కో అంశాన్ని మార్చి, మిగిలిన రెండింటినీ స్థిరంగా ఉంచాలని వారి చేతే చెప్పించగలిగితే శాస్త్రీయ పరీక్ష అంటే ఏమిటో సగం నేర్పినట్టే. ఒక్క డోలనాన్ని కొలిస్తే స్టాప్‌వాచ్ నొక్కడంలో వచ్చే 0.2 సెకన్ల వంటి తేడా ఫలితాన్ని పాడుచేస్తుంది, 20 డోలనాలకు కొలిచి 20తో భాగిస్తే ఆ తేడా 0.01 సెకనుకు తగ్గుతుంది. 25 సెంటీమీటర్ల పొడవుకు సుమారు 1 సెకను, 100 సెంటీమీటర్లకు సుమారు 2 సెకన్లు వస్తాయి. పొడవు నాలుగు రెట్లయితే కాలం రెండు రెట్లే ఎందుకైందన్న ప్రశ్న గ్రాఫు గీయడానికి దారితీస్తుంది.

అయితే ఇక్కడే ఒక చిక్కు పొంచి ఉంటుంది. పొడవును ఆధారం నుంచి గుండు మధ్య బిందువు వరకు కొలవాలి. బరువు మార్చడానికి పెద్ద గుండు కట్టిన బృందం, దారం పొడవు మారలేదనుకుంటూ నిజానికి లోలకం పొడవును పెంచేస్తుంది, ఆపైన బరువు వల్లనే కాలం మారిందని తేల్చుతుంది. ఇలాంటివి పుస్తకం చదివితే తెలియవు. అందుకే ఏ ప్రయోగాన్నైనా, పిల్లలు వాడబోయే పరికరాలతోనే, ముందు రోజు స్వయంగా చేసి చూడాలి. ఆ సమయంలోనే ప్రమాదాలనూ లెక్కగట్టుకోవాలి: ఆమ్లాన్ని పలుచన చేసేటప్పుడు నీటిలోకి ఆమ్లాన్ని పోయాలి తప్ప ఆమ్లంలోకి నీటిని పోయకూడదు, మెగ్నీషియం మంటను నేరుగా చూడకూడదు, రసాయనాలు వాడే ప్రతిసారీ రక్షణ కళ్ళద్దాలు ధరించాలి.

ప్రశ్నలు, పదాలు, పాత ప్రయోగాలు

ప్రణాళికలో అడగబోయే మూడు నాలుగు ముఖ్యమైన ప్రశ్నలను పూర్తి వాక్యాలుగా రాసుకోవడం మంచిది, అప్పటికప్పుడు తోచే ప్రశ్నలు ఎక్కువగా ఒక్క పదంతో జవాబు చెప్పగలిగేవిగా ఉంటాయి. ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతామన్నది కూడా ముఖ్యమే. ఉపాధ్యాయులు సగటున సుమారు ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని, దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవుగా, ఆలోచనతో కూడి వస్తున్నాయని అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు పరిశీలించి చూపారు. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం బోధించే ఎరిక్ మజూర్ పద్ధతి ఇంకో అడుగు ముందుకు వేస్తుంది: విద్యార్థులు విడివిడిగా ఒక జవాబు ఎంచుకుని, పక్కవారిని ఒప్పించే ప్రయత్నం చేసి, మళ్ళీ ఎంచుకుంటారు. మొదటి విడతలో 30 నుంచి 70 శాతం మంది సరిగా చెప్పినప్పుడు ఈ చర్చ బాగా పండుతుంది. అంతకన్నా తక్కువైతే విషయాన్ని మళ్ళీ బోధించాలి, ఎక్కువైతే ముందుకు సాగిపోవచ్చు.

కొత్త పారిభాషిక పదాన్ని అనుభవం తర్వాత ఇవ్వండి. రసాయన చర్య జరుగుతున్న గాజు గొట్టాన్ని పట్టుకున్న చెయ్యి వెచ్చబడ్డాక ‘ఉష్ణమోచక చర్య’ అన్న మాట వింటే, మోచనం అంటే విడిచిపెట్టడమని ఒక్కసారి విప్పి చెప్పడంతో అది మనసులో నిలిచిపోతుంది. కిరణజన్య సంయోగక్రియ వంటి పొడవైన మాటను కూడా ఇలాగే ముక్కలుగా విడదీస్తే అది నిర్వచనంగా మారుతుంది. మన భాష ఇచ్చిన ఈ సౌలభ్యాన్ని తరగతి గదుల్లో చాలా తక్కువగా వాడుకుంటున్నామని నాకు బాధగా ఉంటుంది.

చేయడానికి సంవత్సరాలు పట్టే ప్రయోగాలకు చరిత్రే ప్రయోగశాల. వాన్ హెల్మాంట్ అనే శాస్త్రవేత్త 200 పౌండ్ల పొడి మట్టిలో 5 పౌండ్ల విల్లో మొక్కను నాటి అయిదేళ్ళు నీరు పోశాడు. చెట్టు సుమారు 169 పౌండ్లకు పెరిగింది, మట్టి మాత్రం దాదాపు 2 ఔన్సులే తగ్గింది. ఆయన మరణానంతరం 1648లో వెలువడిన ఈ లెక్కను పిల్లలకు ఇచ్చి, ఆ బరువు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పమనండి. అంతా నీటి నుంచే వచ్చిందని ఆయన తేల్చాడని ఆ తర్వాతే చెప్పి, ఆ వాదనలో ఆయన చూడని లోటు ఏమిటో వెతకమనండి. గాలి అన్న జవాబు ఎవరో ఒకరి నుంచి వచ్చినప్పుడు కార్బన్ డయాక్సైడ్ పాఠంలోకి సహజంగా అడుగుపెడుతుంది.

పాఠం ముగిసిన రోజునే ప్రణాళిక అంచున రెండు సంగతులు రాసి ఉంచండి: పిల్లలు రాసిన ఊహల్లో మీరు ముందుగా అనుకోనిది ఏది, ఏ భాగానికి వేసుకున్న సమయం చాలలేదు. వచ్చే ఏడాది అదే పాఠాన్ని తిరిగి సిద్ధం చేసుకునేటప్పుడు మొదట చదవవలసింది ఆ అంచునే.