ఉప్పుటేటి మీద శీతాకాలపు బాతులను గుర్తుపట్టడం ఎలా?

శ్రీకాకుళం జిల్లాలో నౌపడ ఉప్పు మడులకూ భావనపాడు తీరానికీ నడుమ ఉన్న ఉప్పుటేటి ఒడ్డున, తంపర (చిత్తడి) నేలల్లో వలస బాతులను చూడదలచినవారు డిసెంబరు, జనవరి నెలలను ఎంచుకోవాలి.

ముందుగా విశాఖపట్నం రేవుకు ప్రకటించే పోటు వేళలు చూసుకోవాలి. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కనుక నిన్నటి వేళను నమ్ముకుని బయలుదేరకూడదు. ఆటులో బాతులు దూరపు బురద మేటల మీద చెదిరి ఉంటాయి; నీరు ఎక్కుతున్నకొద్దీ గట్ల వైపు జరుగుతాయి గనుక పోటుకు గంట ముందే చేరుకుని కూర్చోవాలి. అమావాస్య, పౌర్ణమి రోజుల పెద్ద పోటు మరింత అనుకూలం.

ఇక్కడ సూర్యుడు సముద్రం వైపు నుంచి లేస్తాడు. కాబట్టి ఉదయం ఏటికి సముద్రం వైపు ఒడ్డున, ఎండ వీపున పడేలా ఉండాలి. లేకుంటే ప్రతి బాతూ నల్లని నీడగానే కనిపిస్తుంది. ఎనిమిది రెట్లు పెద్దగా చూపే బైనాక్యులర్ చాలు. గట్టు మీద నిలబడక దాని వాలులో కూర్చోవాలి. బాతులు మేత ఆపి మెడలు నిటారుగా ఎత్తితే అక్కడే ఆగిపోవాలి.

గుర్తింపులో రంగును మొదట నమ్మడమే పెద్ద పొరపాటు. వలస వచ్చిన కొత్తలో చాలా మగ బాతులు ఆడవాటిలాగే గోధుమ రంగు ఈకలతో ఉంటాయి. అందువల్ల ముక్కు, మెడ, తోక ఆకారాలను వరుసగా పరిశీలించాలి. తల కంటే పొడవైన ముక్కు చివర గరిటెలా వెడల్పుగా ఉండి, ఆ ముక్కును నీటిపై ఆనించి జల్లెడ పడుతున్నట్టు ఈదితే అది షోవెలర్. సన్నని పొడవాటి మెడ, బూడిద రంగు ముక్కు, మొనదేలిన తోక ఉంటే, ఆడదైనా అది పిన్‌టెయిల్, అంటే సూదితోక బాతు. చిన్న ఒళ్లు, ముఖంపై చారలు, ముక్కు మొదట లేత మచ్చ గార్గనీకి గుర్తులు. ఎగిరేటప్పుడు మగ గార్గనీకీ మగ షోవెలర్‌కూ రెక్క ముందు భాగం నీలి ఛాయలోనే కనిపిస్తుంది కనుక, ఆ ఒక్క గుర్తుతో పేరు నిర్ణయించకూడదు. నల్లని ముక్కు కొస పసుపుగా ఉన్న పెద్ద బాతు వలస పక్షి కాదు. ఏడాది పొడవునా మన చెరువుల్లో ఉండే మచ్చముక్కు బాతు.

ప్రతి గుంపు సంఖ్యను, తేదీని, పోటు స్థితిని అక్కడే రాసుకోవాలి. జనవరిలో జరిగే ఆసియా నీటి పక్షుల గణనకు అటువంటి లెక్కలే పనికివస్తాయి. వలలు, ఉచ్చులు కనిపిస్తే అటవీ శాఖకు తెలపాలి, ఎందుకంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఈ బాతులను పట్టడం నేరం.