తికమకపెట్టే ఆంగ్ల క్రియలను వేరుచేసి గుర్తించడం ఎలా?

ఆంగ్లంలో ఒకదానికొకటి దగ్గరగా ఉండే క్రియల విషయంలో సందేహం వచ్చినప్పుడు మొదట చేయవలసిన పని, ఆ వాక్యాన్ని తెలుగులో చెప్పుకొని చూడడం. చాలా జతలకు మన భాషలో స్పష్టమైన భేదం ఉంది, దానిని మనం వాడుకోవడం లేదు.

రైజ్, రెయిజ్ అనే జతను తీసుకోండి. పెరుగు, పెంచు అనే క్రియల మధ్య ఉన్న తేడాయే వీటి మధ్యా ఉంది. ధరలు పెరిగాయి అంటే 'ప్రైసెస్ రోజ్'. వర్తకులు ధరలు పెంచారు అంటే 'ట్రేడర్స్ రెయిజ్డ్ ద ప్రైసెస్'. కర్తను, క్రియను చెప్పి 'దేనిని?' అని ప్రశ్నించండి. జవాబు ఉంటే రెయిజ్, ప్రశ్నే పొసగకపోతే రైజ్.

లై, లే అనే జతకూ ఇదే పరీక్ష పనిచేస్తుంది: లై అంటే పడుకొను, లే అంటే ఒకదానిని పెట్టు లేదా పరచు. అయితే బాగా చదువుకున్నవారు కూడా ఇక్కడ తడబడడానికి బలమైన కారణం ఉంది. పడుకొను అనే అర్థంగల లై భూతకాలంలో 'లే' అవుతుంది కనుక, 'షి లే డౌన్' అంటే ఆమె పడుకుంది అని అర్థం. అందువల్ల లై, లే, లెయిన్ అని ఒక వరుసగా, లే, లెయిడ్, లెయిడ్ అని మరో వరుసగా నోటికి వచ్చేవరకు వల్లించాలి. అబద్ధమాడు అనే అర్థంగల లై వేరే క్రియ. దాని భూతకాలం లైడ్.

బారో, లెండ్ విషయంలో వస్తువు ఎటు వెళుతున్నదో చూస్తే చాలు. అరువు తెచ్చుకుంటే బారో, దాని వెంట ఫ్రమ్. అరువు ఇస్తే లెండ్, దాని వెంట టు.

తరువాత చూచు, విను అనే క్రియల సంగతి. వాక్యాన్ని కనిపించు, వినిపించు అని మార్చి చెప్పగలిగితే సాధారణంగా సీ, హియర్ సరిపోతాయి. పనిగట్టుకొని చూపు నిలిపితే లుక్ ఎట్, చెవియొగ్గితే లిజన్ టు. కదిలేదానిని, మారేదానిని కొంతసేపు గమనిస్తే వాచ్. టీవీకి వాచ్ వాడతారు, సినిమాకు సీ, వాచ్ రెండూ చెల్లుతాయి.

సే, టెల్ దగ్గర మాత్రం తెలుగు మనకు తోడు రాదు, ఎందుకంటే రెండింటికీ తరచుగా చెప్పు అనే అంటాము. 'నాకు చెప్పాడు' అనే వాక్యంలోని విభక్తిని మరచి చాలామంది 'హి సెడ్ మి' అంటారు. టెల్ తరువాత వినే మనిషి నేరుగా వస్తాడు: 'హి టోల్డ్ మి'. సే తరువాత మనిషిని చెప్పాలంటే టు తప్పనిసరి: 'హి సెడ్ టు మి'. 'టెల్ ద ట్రూత్', 'టెల్ ఎ స్టోరీ' వంటి పలుకుబడులలో వినే మనిషి ప్రస్తావన లేకపోయినా టెల్ వస్తుంది. వీటిని విడిగా కాక పూర్తి వాక్యాలలో రాసుకొని నేర్చుకోవాలి.