బైపోలార్ ఉన్నవారు కోపాన్ని ఎలా సంభాళించుకోవాలి?

బైపోలార్ డిజార్డర్ అంటే కొన్నాళ్లు పట్టరాని ఉత్సాహం, కొన్నాళ్లు దిగులు అని చెప్పుకుంటారు కానీ, డాక్టర్లు మేనియా అని పిలిచే ఉద్రేక దశ చాలామందిలో సంతోషంగా కాక చిరాకుతో, చిటపటలతో మొదలవుతుందని ఇంట్లోవాళ్లకు తరచు తెలియదు. అలాగని వచ్చిన ప్రతి కోపమూ జబ్బుదే కాదు. ఏది ఏదో విడదీసి చూడటంతోనే పని మొదలవుతుంది.

1. నిద్ర లెక్క రాయండి

గోడ క్యాలెండర్‌లో ప్రతి తేదీ పక్కన రెండు అంకెలు వేయండి: రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారు, పగలు చిరాకు పదికి ఎంత. వరుసగా 7-2, 7-3, 4-6, 3-8 అని కనిపిస్తూ, మూడు గంటల నిద్రతో కూడా అలసట తెలియకపోతే, ఉద్రేక దశ మొదలవుతోందని అనుమానించి, తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా డాక్టరుకు ఫోన్ చేయాలి. నిద్ర సరిగ్గానే ఉండి, కోపం ఒకే మనిషి మీద, ఒకే విషయంలో వస్తూంటే, బహుశా అది న్యాయమైన కోపమే.

2. మాత్రల సంగతి డాక్టరును అడగండి

ఉద్రేకాన్ని తగ్గించడానికి ఇచ్చే కొన్ని యాంటీసైకోటిక్ మందుల వల్ల కాలు ఒకచోట నిలవనివ్వని అసహనం పుడుతుంది, అది చూసేవారికి కోపంలాగే ఉంటుంది. డిప్రెషన్ మాత్రలు, ఆస్తమాకు వాడే స్టెరాయిడ్ మాత్రలు కూడా కొందరిలో ఉద్రేకాన్ని రేపుతాయి. అయినా సొంతంగా ఏ మందూ ఆపకండి; ముఖ్యంగా మనసును నిలకడగా ఉంచడానికి ఇచ్చే లిథియం ఒక్కసారిగా మానేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ.

3. కోపం ఎక్కుతున్నప్పుడు గది మారండి

"ఇరవై నిమిషాల్లో వస్తాను" అని చెప్పి వెళ్లండి, చెప్పినట్టే తిరిగి రండి. చెప్పకుండా లేచిపోతే అది ఇంకో గొడవ అవుతుంది. ఫోన్ ఆ గదిలోనే వదిలేయండి, ఎందుకంటే ఫ్యామిలీ గ్రూపులో పెట్టిన మెసేజ్ అందరూ చదివేశాక తీసేసినా లాభం లేదు. ముఖం మీద చన్నీళ్లు చల్లుకుని, నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి ఆరు లెక్కపెడుతూ వదలండి. దిండును గుద్దితే కోపం దిగుతుందంటారు కానీ, పరిశోధనల్లో తేలింది అందుకు విరుద్ధంగానే.

మిమ్మల్ని మీరు గానీ, ఎదుటివారిని గానీ గాయపరచాలనిపిస్తే ఒంటరిగా ఉండకుండా దగ్గరి ఆసుపత్రికి వెళ్లండి. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ కౌన్సెలర్లు ఏ వేళైనా ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు.

4. "మాత్ర వేసుకున్నావా?" అన్న ప్రశ్నకు ఒక వేళ పెట్టండి

నాకు తెలిసినంతలో, జబ్బు కంటే ఎక్కువ కోపం తెప్పించేది ఈ ప్రశ్నే. మీ జీతం డబ్బు ఇంట్లోవాళ్లు మిమ్మల్ని అడగకుండా ఎవరికో ఇచ్చారు, అదేమిటని మీరు గొంతు పెంచారు, వెంటనే "ఇవాళ మాత్ర వేసుకున్నావా?" అన్నారు. దాంతో డబ్బు సంగతి పక్కకు పోయి, మీ జబ్బే చర్చనీయాంశం అవుతుంది. అడిగేవారిది భయమే తప్ప దురుద్దేశం కాకపోవచ్చు. అందుకే మనసు కుదుటగా ఉన్న రోజున కూర్చుని ఒప్పందం చేసుకోండి: మాత్ర గురించి ఒక్కరే, అదీ రాత్రి భోజనం తర్వాతే అడగాలి, మీరు నిజమే చెప్పాలి. క్యాలెండర్ వాళ్లకు కూడా కనిపించేచోట పెట్టండి. పొరపాటున గొడవ మధ్యలో అడిగినా, "వేసుకున్నాను. ఇప్పుడు డబ్బు సంగతి చెప్పండి" అని అసలు విషయానికి రండి.

ఉద్రేకంలో మీరు ఒకరిని నొప్పించి ఉంటే, జబ్బు పేరు ఎత్తకుండా ముందు క్షమాపణ చెప్పండి. పగిలిన వస్తువు ఉంటే కొత్తది కొని తెండి.