ఇంటివాళ్లు ఎత్తుకెళ్తే కోర్టు కాగితాలు: ఒక టైపిస్టు చెప్పే జాగ్రత్తలు

నేను లాయర్ని కాను. విజయవాడ గవర్నరుపేటలో ఒక ప్లీడరు గారి దగ్గర 26 ఏళ్లుగా టైపు కొడుతున్నాను. భరణం కేసులు, చెక్కు కేసులు, భాగపంపకాలు కళ్లు మూసుకుని కొట్టేస్తాను. ఈ రకం పిటిషను మొదటిసారి వచ్చినప్పుడు మాత్రం చెయ్యి ఆగింది. వేసేది ఒక అమ్మాయి. ఎత్తుకెళ్లింది ఇంకో అమ్మాయిని. ఎత్తుకెళ్లినాయన ఆ పిల్ల కన్నతండ్రి. ఇద్దరమ్మాయిలూ జంటగా ఒకే ఇంట్లో ఉంటున్నారు. "నీకు ఏమవుతుందని కొట్టమంటావమ్మా?" అని అడిగాను. ఏడుస్తూనే, "మీకు ఏది తేలికైతే అది కొట్టండి ఆంటీ" అంది.

ఇప్పుడైతే అంత తడబడను. ఇలాంటి కేసుల్లో హైకోర్టులు ఎలా నడుచుకోవాలో 2024 మార్చి 11న సుప్రీంకోర్టు చెప్పింది. పిటిషను వేసింది జంటలో మనిషైనా, స్నేహితులైనా వాళ్ల సంబంధం ఏమిటని లోతుగా తవ్వకూడదు. వెంటనే వినాలి. నిర్బంధంలో ఉన్న మనిషితో జడ్జీలు ఛాంబర్లో విడిగా మాట్లాడాలి, ఇంటివాళ్ల ఒత్తిడి లేకుండా చూడాలి. కాబట్టి "కలిసి ఉంటున్నాం" అని ఉన్నమాట రాస్తే సరిపోతుంది. గుళ్లో దండలు మార్చుకున్న ఫొటో జతచేయమంటారా అని అడుగుతుంటారు. వద్దంటాను. 2018 సెప్టెంబరు 6 నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత మీ సంబంధం నేరం కాదు, నిజమే. కానీ అదే కోర్టు 2023 అక్టోబరు 17 తీర్పులో స్వలింగ జంటల పెళ్లికి గుర్తింపు రాలేదు. ఆ ఫొటో పెడితే వాదన పెళ్లి మీదకు మళ్లుతుంది. మీకు కావాల్సింది రెండే ముక్కలు: ఆమె మేజరు, ఆమెకు ఇష్టం.

ఈ రెండింటికీ కాగితాలు ముందే దాచుకోవాలి. ఎత్తుకెళ్లాక దొరకవు. వయసుకి పదో తరగతి మెమోను మించింది లేదు, అది ఎప్పుడూ అమ్మగారి బీరువాలోనే ఉంటుంది. పండక్కి ఇంటికెళ్లినప్పుడు రెండు వైపులా ఫొటో తీసి ఇద్దరి ఫోన్లలో పెట్టుకోండి. ఆధార్ కాపీ సరే. అద్దె ఒప్పందం ఇద్దరి పేర్ల మీదా రాయించుకోండి. ఓనరు గొణిగితే కనీసం ఇద్దరి ఆధార్ నంబర్లూ అందులో ఎక్కించమనండి. తెల్ల కాగితం మీద, సొంత చేతిరాతతో, "నా ఇష్టంతో ఫలానా ఇంట్లో ఉంటున్నాను, నన్నెవరూ బలవంతపెట్టలేదు" అని తేదీ వేసి సంతకం చేసిన ఉత్తరం ఒకటి మూడో మనిషి దగ్గర ఉంచండి. అదే మాట వీడియోలోనూ చెప్పి పెట్టుకోండి. ఉత్తరం ఒక్కదానితో కేసు గెలవరు. ఆమె నోరు తెరిచే అవకాశం వచ్చేదాకా అది పనికొస్తుంది.

బంగారం మాత్రం పుట్టింట్లోనే వదిలేయండి. చెవి కమ్మలతో సహా. "మా అమ్మాయి ఇరవై కాసులు పట్టుకుపోయింది" అని ఫిర్యాదు రావడం నేను చూశాను. ఆ పిల్ల మెడలో ఉన్నది గిల్టు గొలుసు. సిమ్ము నాన్న పేరు మీద ఉంటే ఈ వారమే మార్చుకోండి. లేకపోతే ఆయన డూప్లికేటు సిమ్ము తీసుకుంటే బ్యాంకు ఓటీపీలు ఆయన చేతిలో ఉంటాయి.

వయసు 18 నిండకపోతే ఇందులో ఏదీ పనిచేయదు. మొహమాటం లేకుండా చెబుతున్నాను.

మా దగ్గరికొచ్చిన కేసుల్లో ఎక్కువ భాగం ఒకే ఫోన్‌తో మొదలయ్యాయి: "అమ్మకి బాగోలేదు, ఆస్పత్రిలో పెట్టాం." ఏ ఆస్పత్రి, ఏ వార్డు అని అడగండి. మీకు తెలిసినవాళ్లెవరినైనా పంపి కనుక్కోండి. వెళ్లాల్సే వస్తే ఇంటికి కాకుండా ఆస్పత్రికే వెళ్లండి, తోడుతో వెళ్లండి. రాత్రి తొమ్మిదికల్లా ఫోన్ రాకపోతే ఏం చేయాలో బయట ఉండే మనిషికి చెప్పి మరీ బయల్దేరండి.

ఎత్తుకెళ్లారనుకోండి. 112కి ఫోన్ చేసి, వెంటనే స్టేషనుకెళ్లి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. టైము, చోటు, బండి నంబరు, వచ్చినవాళ్లెవరు, ఆమె ఏ బట్టల్లో ఉంది, ఏమని అరిచింది, అన్నీ రాయాలి. ప్రేమ కథ అక్కర్లేదు. "మా పరిధి కాదు" అంటే ఒప్పుకోకండి, ఏ స్టేషనైనా జీరో ఎఫ్‌ఐఆర్, అంటే పరిధితో పని లేని ఎఫ్‌ఐఆర్, కట్టాలి. "తండ్రే కదమ్మా తీసుకెళ్లింది, నీకేం సంబంధం" అని పంపేస్తే అదే ఫిర్యాదును పోలీసు కమిషనరుకి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. కోర్టుకి వెళ్లేటప్పుడు ఆ రసీదు మీ తరఫున మాట్లాడుతుంది.

ఆ తర్వాత హైకోర్టు. బ్యారేజీ దాటి నేలపాడు వెళ్లాలి. రాజ్యాంగం 226వ అధికరణం కింద హెబియస్ కార్పస్ వేస్తారు, అంటే నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందుకు తెప్పించమని అడిగే పిటిషను. వకాల్తా మీద సంతకం బయట ఉన్నవాళ్లదే, లోపల ఉన్న ఆమెది అక్కర్లేదు. ప్రతివాదులుగా ప్రభుత్వం, పోలీసు అధికారులు, చివర తల్లిదండ్రులు. అర్జెంటైతే లంచ్ మోషన్, అంటే ఆ రోజే భోజన విరామం తర్వాత వినమని, అడగమని ప్లీడరుతో చెప్పండి. డబ్బు లేదని ఆగిపోకండి. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది, 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్. 15100కి ఫోన్ చేస్తే దారి చెబుతారు.

మన హైకోర్టు ముందుకు 2024 డిసెంబరులో విజయవాడలో కలిసి ఉంటున్న ఇద్దరమ్మాయిల కేసు వచ్చింది. ఒకమ్మాయిని తండ్రి నర్సీపట్నం తీసుకెళ్లాడు. జస్టిస్ రఘునందన్‌రావు, జస్టిస్ మహేశ్వరరావుల బెంచి ఆమెను పిలిపించి అడిగి, మేజరు కాబట్టి ఇష్టమైనవాళ్లతో ఉండొచ్చని, తల్లిదండ్రులు జోక్యం చేసుకోవద్దని చెప్పింది. కానీ ఇందాకటి సుప్రీంకోర్టు కేసు కేరళ నుంచి వెళ్లింది. అందులో అమ్మాయి తల్లిదండ్రుల దగ్గరే ఉంటానంది, పిటిషను కొట్టేశారు. అందుకే చెబుతున్నాను, ఛాంబర్లో జడ్జిగారు అడిగినప్పుడు ఏం చెప్పాలో ఇద్దరూ ముందే మాట్లాడుకోండి. ఇంట్లో పది రోజులు ఏడుపులు విన్న మనిషికి గొంతు పెగలదు.

డాక్టరు దగ్గరికి "మార్పించడానికి" తీసుకెళ్తామంటే, అలాంటి వైద్యం చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్లకు రాసిందని చెప్పండి. స్వామీజీల మీద మాత్రం ఏ కౌన్సిలూ లేదు.

ఆర్డరు వచ్చాక సర్టిఫైడ్ కాపీ తీసుకుని, ఒక జిరాక్సు మీ స్టేషనులో ఇచ్చి ముద్ర వేయించుకోండి. మొన్నటి పిల్ల అసలు కాపీని లామినేషన్ చేయించి తెచ్చింది, పాడవకూడదని. మళ్లీ ఎక్కడైనా చూపించాల్సొస్తే ఇబ్బందమ్మా అని తిట్టి, ఇంకో కాపీకి అప్లికేషను కొట్టిచ్చాను.