ఆకు చదువు – 5వ పాఠం: యోపాన్ హాలీ, తులసి. అంచు కన్నా ముందు కణుపు

ఈసారి పూల గురించి చెప్పాలనుకున్నాను. నాలుగో పాఠం తర్వాత మీరు పంపిన ఫోటోలు చూశాక పూలను వచ్చే పాఠానికి వాయిదా వేశాను. ఆకు అంచుల గురించి చెప్పుకున్నాం కదా, చాలామంది అక్కడే ఆగిపోయారు. హ్యూస్టన్‌లో, ఆస్టిన్‌లో ఇళ్ల ముందు కంచెగా పెంచే యోపాన్ హాలీ రెమ్మలు పంపి, "అంచున గంట్లున్నాయి, తులసికి చుట్టమేనా?" అని అడిగారు. ఒకరు యోపాన్ టీ పెట్టుకుందామని కోసిన ఆకుల ఫోటో పంపారు. అది యోపాన్ కాదు, చైనీస్ ప్రివెట్. ప్రివెట్ విషపు మొక్క. కాచకముందే అడిగారు కాబట్టి సరిపోయింది.

మందారం ఆకుకు గంట్లుంటాయి. వేపాకుకు ఉంటాయి, గులాబీకి ఉంటాయి, పుదీనాకూ ఉంటాయి. ఈ నాలుగూ నాలుగు వేర్వేరు కుటుంబాలు. కాబట్టి అంచును సాక్ష్యంగా వాడుకోండి, తీర్పు మాత్రం దానికి అప్పగించకండి. మొక్కను చూసేటప్పుడు నేను పాటించే వరుస ఇది: కణుపు, కాండం, వాసన, ఆ తర్వాతే అంచు. వేరే వరుసలో వెళ్లేవాళ్లూ ఉన్నారు. నేర్చుకునేవాళ్లకు మాత్రం ఇదే మంచిదని నా గట్టి నమ్మకం.

ఈ పాఠానికి రెండు మొక్కలు చాలు. ఒకటి యోపాన్, శాస్త్రీయ నామం ఐలెక్స్ వామిటోరియా. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల నుంచి టెక్సస్ దాకా సహజంగా పెరిగే పొద. ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది. రెండోది మన తులసి, ఆసిమమ్ టెన్యుయిఫ్లోరమ్. టెక్సస్‌లో తెలుగువాళ్ల ఇళ్లలో ఈ రెండూ పది అడుగుల దూరంలోనే కనిపిస్తాయి, కంచెలో యోపాన్, కుండీలో తులసి. ఎత్తు, రంగు మీకే తెలుస్తాయి కాబట్టి వాటి జోలికి పోవడం లేదు.

ముందు కణుపు. ఆకు కాండానికి అతుక్కునే చోటే కణుపు. తులసిలో ప్రతి కణుపు దగ్గరా రెండు ఆకులు ఎదురెదురుగా ఉంటాయి. పై కణుపులోని జత కింది జతకు అడ్డంగా తిరిగి ఉంటుంది. రెమ్మను పైనుంచి చూస్తే ఆకులు కూడిక గుర్తులా కనిపిస్తాయి. యోపాన్‌లో కణుపుకు ఒక్కటే ఆకు, ఒకటి ఇటు, ఇంకొంచెం పైన మరొకటి అటు. ఇంతవరకూ అందరికీ అర్థమైంది. తప్పు జరుగుతున్నది దీని తర్వాతే, అది మళ్లీ మళ్లీ కనిపిస్తుంటే నాకు బాధగా ఉంది.

యోపాన్ పాత కొమ్మల మీద పొట్టి పొట్టి రెమ్మలు వస్తాయి. వాటి మీద కణుపులు దగ్గరదగ్గరగా ఉండి ఆకులు గుత్తిలా కనిపిస్తాయి. అందులో ఏ రెండింటినో చూసి "ఎదురెదురు" అని రాసేస్తున్నారు. కత్తిరించి పెంచే కంచెల్లో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే కోత పడిన ప్రతిసారీ కొత్త చిగుళ్లు ఒత్తుగా పుట్టుకొస్తాయి. కాబట్టి గుత్తిని చూడకండి. ఈ ఏడాది పొడవుగా సాగిన లేత కొమ్మను వెతకండి. కంచె మీద నుంచి పైకి పొడుచుకొచ్చినది ఒక్కటైనా దొరుకుతుంది. దాని కొసను వదిలేసి మధ్యభాగం చూడండి. కొసలో ఆకులు ఇంకా విడిపోకపోవడం వల్ల అక్కడ ఏ మొక్కయినా మోసం చేస్తుంది. మధ్యలో ఒక ఆకు తొడిమ మొదలు మీద బొటనవేలి గోరు ఆనించి, కాండం చుట్టూ గోరును అదే ఎత్తులో తిప్పండి. అవతలి పక్క ఇంకో తొడిమ తగిలితే ఎదురెదురు, తగలకపోతే ఒకటి విడిచి ఒకటి.

ఇంకో మెలిక ఉంది. ఎదురెదురు ఆకుల్లో ఒకటి రాలిపోయి ఉండొచ్చు. అప్పుడు గోరుకు తొడిమ తగలదు గానీ ఆకు ఊడిన మచ్చ, దాని పైన చిన్న మొగ్గ కనిపిస్తాయి. మచ్చ ఉంటే ఆకు ఉన్నట్టే లెక్క. ఒక్క కణుపు చూసి తేల్చేయకండి. వరసగా మూడైనా చూడాలి. అలా చూసి ఉంటే ఆ ప్రివెట్ అక్కడికక్కడే దొరికిపోయేది, దాని ఆకులు ఎదురెదురు. అంచు కూడా నున్నగా ఉంటుంది, గంట్లుండవు. పండితే కాయలు ముదురు నీలం-నలుపు రంగులోకి వస్తాయి. యోపాన్ పండ్లు ఎర్రగా మెరుస్తాయి.

దయచేసి ఒక్క ఆకు తుంచి అరచేతిలో పెట్టి ఫోటో తీసి పంపకండి. కణుపు లేని ఆకును చూసి ఎవరూ నమ్మకంగా చెప్పలేరు. జానెడు రెమ్మ కావాలి.

ఇక కాండం. తులసి లేత కాండాన్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి దొర్లిస్తే నాలుగు పలకలు తెలుస్తాయి, సన్నని నూగు కూడా. యోపాన్ కొమ్మ గుండ్రం, ముదిరితే బెరడు లేత బూడిద రంగు. పలకల కాండం కనబడగానే "తులసి కుటుంబం" అనేయకండి. జామ లేత కొమ్మ పలకలుగానే ఉంటుంది, ఆకులు ఎదురెదురు, నలిపితే వాసన కూడా వస్తుంది. గోరింట లేత కొమ్మా అంతే. పారిజాతమూ అంతే. పలకల కాండం, ఎదురెదురు ఆకులు, నలిపితే ఘాటు, వీటికి తోడు రెండు పెదవుల్లా విడిపోయిన పువ్వు. ఈ నాలుగూ కలిస్తే ఆ కుటుంబమే అయ్యే అవకాశం ఎక్కువ. పువ్వు సంగతి వచ్చే పాఠంలో.

వాసనకు ఒక్క మాట చాలు: ముందు యోపాన్‌ను నలపండి, తర్వాతే తులసిని. తులసి ఘాటుకు ముఖ్య కారణం యూజినాల్, లవంగంలోనూ ఉండేది ఇదే. అది వేళ్లకు పట్టిందంటే తర్వాత ఏ ఆకు నలిపినా తులసే అనిపిస్తుంది. యోపాన్‌కు ఉండేది ఉత్త పచ్చి వాసన.

ఇప్పుడు అంచు చూడండి, ఎంత తేలికో. యోపాన్ గంట్లు మొద్దుగా ఉంటాయి. ఆకు చిన్నది, ఒకటి నుంచి నాలుగున్నర సెంటీమీటర్లు, మందం, పైన నిగనిగ. తులసి ఆకు పలచన, నూగుగా ఉంటుంది. వెలుతురుకు ఎత్తి పది రెట్ల భూతద్దంతో అడుగువైపు చూస్తే చిన్న చిన్న నూనె చుక్కలు కనిపిస్తాయి. భూతద్దం లేకుండా ఆకులు నేర్చుకోవడం నాకు ఇష్టం ఉండదు, ఒకటి కొనుక్కోండి.

"మా కంచెకు ఎర్ర పండ్లు లేవు, యోపాన్ కాదేమో" అని కొందరు రాశారు. యోపాన్‌లో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. మగదానికి పండ్లు ఎప్పటికీ రావు. 'విల్ ఫ్లెమింగ్' అనే సన్నగా నిటారుగా పెరిగే రకం మగది. 'ప్రైడ్ ఆఫ్ హ్యూస్టన్' ఆడది, విరగకాస్తుంది. తులసిలో ఈ తేడా లేదు, ఏ మొక్క పూల వెన్నులోనైనా గింజలు వస్తాయి.

టీ విషయం అడిగారు కాబట్టి చెబుతాను. యోపాన్ ఆకులో కెఫీన్ ఉంటుంది. అమెరికా మూలవాసులు వందల ఏళ్లు దాన్ని కాచి తాగారు. మిసిసిపీ ఒడ్డున సెయింట్ లూయిస్ దగ్గరున్న ప్రాచీన కహోకియా నగరపు మట్టి పాత్రల్లో ఆ పానీయం ఆనవాళ్లు దొరికాయని 2012లో పరిశోధకులు ప్రకటించారు. ఆ చుట్టుపక్కల యోపాన్ పెరగదు, అంత దూరం మోసుకెళ్లారన్నమాట. క్రతువుల్లో దాన్ని తాగి వాంతి చేసుకోవడం యూరోపియన్లు చూశారు, పేరులో 'వామిటోరియా' అలా చేరింది. ఆకులో వాంతి తెప్పించే పదార్థమేదీ దొరకలేదు. తులసి కషాయంలో కెఫీన్ ఉండదు. రాత్రి జలుబుకు తులసి బదులు యోపాన్ తాగితే నిద్ర పట్టకపోవచ్చు. యోపాన్ పండ్లు మాత్రం మనుషులు తినకూడదు. పక్షులు తింటాయి కదా అని పిల్లలు నోట్లో పెట్టుకుంటారు, జాగ్రత్త. మొక్క ఏదో మీకు పూర్తిగా ఖాయం అయ్యేవరకు దేన్నీ కాచొద్దు.

అభ్యాసం: మీ వీధిలో ఇరవై మొక్కలు ఎంచుకోండి. ఒక్కొక్కదానికి వరసగా మూడు కణుపులు చూసి, ఎదురెదురా, ఒకటి విడిచి ఒకటా, గన్నేరులా మూడేసా, నోట్‌బుక్‌లో బొమ్మ గీయండి. ఫోటో వద్దు, బొమ్మే. ఇంకెవరి పెరట్లోనైనా అయితే అడిగి వెళ్లండి. అంచు గురించి ఒక్క ముక్క కూడా రాయొద్దు. తర్వాత ఆ ఇరవైలో ఎదురెదురు ఉన్నవాటిని విడిగా తీసి, కళ్లు మూసుకుని కాండాన్ని వేళ్లతో దొర్లించి పలకలున్నవేవో పక్కన రాయండి. వచ్చే పాఠానికి పూసిన తులసి వెన్ను ఒకటి, దొరికితే పుదీనా పువ్వు ఒకటి సిద్ధంగా పెట్టుకోండి.