డాబా మీద వైర్‌లెస్ వెదర్ స్టేషన్ పెట్టే ముందు జాగ్రత్తలు

- పైకి తీసుకెళ్లకముందే సెన్సర్‌నీ (బయట కొలిచే భాగం) డిస్‌ప్లేనీ (ఇంట్లో రీడింగులు చూపే భాగం) టేబుల్ మీద పక్కపక్కన పెట్టి కలిపి చూడండి. బ్యాటరీలు ముందు దేంట్లో వేయాలో మాన్యువల్‌లో చూసుకోండి. చాలా మోడళ్లలో ముందు సెన్సర్‌లోనే వేయాలి.

- అన్నిటికంటే ముఖ్యం చోటు. మధ్యాహ్నం కాలిపోయే స్లాబుకీ, ఏసీ అవుట్‌డోర్ యూనిట్‌కీ దగ్గరగా బిగిస్తే కనిపించేది గాలి ఉష్ణోగ్రత కాదు, వాటి వేడి. నేరుగా ఎండ తగలకుండా, గాలి మాత్రం ఆడేలా ఉండాలి. తెల్లటి పళ్లేలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే షీల్డ్ ఉంటే మరీ మంచిది. గాలివేగం కూడా కొలవాలంటే వాటర్ ట్యాంకు చాటున పెట్టకండి.

- డబ్బా మీద రాసే రేంజి ఖాళీ మైదానంలో లెక్క. మధ్యలో రెండు స్లాబులుంటే బాగా తగ్గిపోతుంది. అందుకే మేకు కొట్టే ముందు ఒక రోజు సెన్సర్‌ని అక్కడ ఊరికే కట్టి ఉంచి, రీడింగులు ఆగకుండా వస్తున్నాయో లేదో చూడండి.

- మన విశాఖలో బీచ్ రోడ్డు, ఎంవీపీ కాలనీ వైపు వాళ్లు ఉప్పుగాలిని తేలిగ్గా తీసుకోవద్దు. మామూలు స్క్రూలు తుప్పు పట్టి ఊడిరావు. 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీలువే వాడండి. బ్యాటరీ మూత రబ్బరు సరిగా కూర్చుందో లేదో వేలితో తడిమి చూడండి.

- వానమాపకం ఏ వైపూ ఒరగకుండా మట్టంగా ఉండాలి.

- నిచ్చెన పట్టుకోవడానికి ఇంకో మనిషి తప్పనిసరి. కరెంటు తీగల దగ్గర, ఉరుములప్పుడు ఈ పని అసలు వద్దు.

- 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన విశాఖనే తాకింది. కాబట్టి సులువుగా విప్పేలా బిగించండి. తుపాను హెచ్చరిక రాగానే, గాలి మొదలవకముందే దించేయండి. ఆ సమయంలో వాతావరణ శాఖ బులెటిన్లే నమ్మండి.